పీతల రాణికి నీలం గౌను

మడ అడవిలో మనుషులు లేరని రాసింది మీరే. రొయ్యల కంపెనీ వాళ్లూ, ఆ నేలను వాళ్లకు అమ్మిన చెరకు మిల్లు వారసులూ, ఇద్దరి మధ్యా కూర్చుని ముద్రలు గుద్దిన ఆఫీసర్లూ, అందరూ. 'నిర్జన భూమి' అని రాశారు. రాసేనాటికి మీ బూట్ల పక్కనే బురదలో ఆడవాళ్ల పాదాల గుర్తులున్నాయి. గుల్లలు ఉడుకుతున్న పొగ మీ కళ్లలో పడింది. ఆ మధ్యాహ్నం మీరు వేళ్లు నాక్కుంటూ తిన్న పీతల కూర ఆ నిర్జన భూమిలోంచే వచ్చింది. అయినా రాశారు. మీకంటే మీ తాతలు నయం. ఎగతాళి చేయడానికైనా వాళ్లు మమ్మల్ని కళ్లు తెరిచి చూశారు.

ఆ ఎగతాళి ఒక బొమ్మగా మిగిలిపోయింది. రాజధానిలో పాత పత్రికలు దాచే గ్రంథాలయంలో ఇరాసి దాన్ని పట్టుకుంది.

ఇరాసి కంబోవలో గుల్లలు ఏరే ఆడవాళ్ల సంఘానికి అధ్యక్షురాలు. కంబోవ ఏటి మొగ దగ్గర, మడ చెట్ల అంచున ఉన్న ఊరు. సముద్రం పోటు తగ్గి నీళ్లు తీసినప్పుడు ఆడవాళ్లంతా బురదలో దిగి పీతలూ గుల్లలూ ఏరుకొస్తారు, నీళ్లెక్కినప్పుడు వండుకుంటారు, అమ్ముకుంటారు, తిట్టుకుంటారు. ఇరాసి బడికి పోలేదు. కంపెనీ వాళ్లు చెట్లకు మేకులు కొట్టి వేలాడదీసిన 'లోపలికి రారాదు' బోర్డులు కూడబలుక్కుని చదువుతూ అక్షరాలు నేర్చుకుంది. అందుకేనేమో, ఏ కాగితం చేతికొచ్చినా ఆమెకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే అర్థమవుతుంది.

ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి, కంబోవ వాళ్లలాంటివాళ్లు, తమ పెద్దలు నిలిచిన నేల మీదే ఇంకా ఉంటే ఆ నేల వాళ్లదేనని బ్రెజిల్ రాజ్యాంగంలో ఉంది. ఉండటానికి ఉంది. రుజువు మాత్రం వాళ్లే మోసుకు రావాలి. కంపెనీ చేతిలో మిల్లు వాళ్ల పాత దస్తావేజు ఉంది. అందులో బురద ఉంది, దోమలున్నాయి, మనుషులు మాత్రం లేరు. కంబోవ వాళ్లు మొన్నమొన్న వచ్చి గుడిసెలేసుకున్న కూలి జనమని కంపెనీ వాదన. వాదన నడుస్తుండగానే ఏటి పైవైపు నుంచి యంత్రాలు మడ చెట్లను పెకలించి రొయ్యల చెరువులు తవ్వుతున్నాయి. చెరువుల్లో కొట్టిన మందులు ఏట్లోకి దిగాయి. ఆ వైపు పీతలు బొరియల్లోనే చచ్చి నల్లబడుతున్నాయి. ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే పట్టా వచ్చినా ఏరుకోవడానికి ఏమీ మిగలదు.

అదీ ఇరాసి తొందర.

గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయి పెద్ద బైండు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది కానీ తెరవలేదు.

"ములుకోల అని, వెక్కిరింత పత్రికండీ. బానిసత్వం రద్దవడానికి కాస్త ముందు మీ పట్నంలోనే అచ్చయ్యేది. ఇందులో కంబోవ పేరుంది. కానీ చూస్తే మీ మనసు నొచ్చుకుంటుందేమో. కావాలంటే ఏముందో నేను చెప్తాను."

"కంపెనీ వాళ్లు మొహం మీదే అంటారు తల్లీ, ఇది కాగితం మీదే కదా. తెరువు."

పేజీ నిండా బొమ్మ. పైన 'పీతల రాణి పట్టాభిషేకం' అని పెద్ద అక్షరాలు. మధ్యలో గుల్లల బుట్ట మీద ఒక నల్ల స్త్రీ కూర్చుని ఉంది. కోతి మూతి, సాగిన పెదాలు, ఒంటి మీద నడుము పైన నూలుపోగు లేదు. నెత్తిన పీత డిప్ప కిరీటం. చేతివేళ్ల బదులు పీత గోళ్లు. ఆమె ముందు పట్నం పురపాలక సభ్యులు పొట్టలు నేలకానేలా మోకరిల్లి పళ్లాలు చాస్తున్నారు. కింద రెండు వరుసల రాత: రాణీ బెర్నార్దా, ఉపవాసాల నెలలో మాకు పీతలు లేకుండా చేయకు తల్లీ, కంచె కాదు, కావాలంటే మా ప్యాంట్లే ఊడదీసి ఇచ్చేస్తాం.

విషయం ఇరాసికి వెంటనే అందింది. ఆ కథ కంబోవలో ముసలివాళ్లందరికీ తెలుసు. మిల్లు దొర మడ చుట్టూ కంచె వేయిస్తే ఆడవాళ్లంతా బెర్నార్ద వెనక పట్నానికి నడిచి వెళ్లారు. కంచె తీసేదాకా పీత అమ్మం అన్నారు. ఈస్టరు ముందు ఉపవాసాల నెలలో మాంసం ముట్టరు కదా పట్నం జనం, దిగొచ్చారు. కంచె తీయించారు. ఆ మంటతోనే మిల్లు దొర తరఫు వాళ్లెవరో ఈ బొమ్మ వేయించి ఉంటారు. ఇన్నాళ్లూ ఈ కథను 'నోటిమాట, రుజువు కాదు' అని తోసేశారు. ఇదిగో అచ్చులో ఉంది.

కానీ ఇరాసి చూపు కోతి మూతి దగ్గర ఆగలేదు, కింది రాత దగ్గరా ఆగలేదు. రాణి వెనక, బొమ్మ వేసినవాడు ఏదో నింపాలి కదా అని నింపిన చోట, కర్రల మీద నిలబెట్టిన గుడిసెల వరస ఉంది. దండేలకు ఆరేసిన వలలు ఉన్నాయి. ఆ పక్కనే గుల్లసున్నం కాల్చే బట్టీ, మెడ విరిగిన సీసాలాగా. ఆ బట్టీ ఇప్పటికీ కంబోవలో ఉంది, సగం కూలి, లోపల పీతలు కాపురం పెట్టి.

"దొరికార్రా కొడకల్లారా," అని ఆమె బల్ల మీద చరిచింది. దూరంగా చదువుకుంటున్న ఒక పెద్దమనిషి ఉష్ అన్నాడు.

ఆ పేజీకి నకలు తీయించి, నిజమైన నకలేనని గ్రంథాలయం ముద్ర వేయించుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆమె బస్సెక్కింది.

కంబోవలో అందరికంటే పెద్దది దేజనీర అవ్వ. ఎనభై దాటినా నీళ్లు తీస్తే బురదలో దిగకుండా ఉండలేదు. బెర్నార్ద ఆమె తల్లికి తల్లి. పట్టా కోసం ఇచ్చే కాగితాలు ఊరి తరఫున ఆమె చేతుల మీదుగానే అధికారికి అందాలని సంఘం తీర్మానించుకుంది. కొత్త పడవ నీళ్లలోకి దించాలన్నా అక్కడ ముందు పెద్దావిడ చెయ్యి పడాల్సిందే.

అవ్వ ఇంటి ముందు గదిలో గోడ మీద కోడిగుడ్డు ఆకారం చట్రాల్లో రంగుల పటాలు వేలాడుతుంటాయి. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా ఉండేవే. ఇంట్లో ఎవరైనా పోతే, అరిగిపోయిన చిన్న ఫొటో ఏదుంటే అది రంగుల మేస్త్రీకి ఇస్తారు. అతను దాన్ని పెద్దది చేసి, రంగులద్ది, ఒంటి మీద మంచి బట్ట వేసి తెచ్చిస్తాడు. ఏట్లో మునిగిపోయిన అవ్వ మొగుడు జన్మలో కోటు ఎరగడు. గోడ మీద కోటూ టై కట్టుకుని ఉంటాడు. పురిట్లో పోయిన చెల్లెలికి పాడె మీద తీసిన ఫొటో ఒక్కటే ఉంటే, అబ్దొరాల్ మేస్త్రీ ఆ పిల్ల కళ్లు తెరిపించి, చెవులకు బంగారు రింగులు పెట్టి తెచ్చాడు. దాన్ని అక్కడ ఎవరూ అబద్ధమనరు. బతికినన్నాళ్లూ బురదలో ఉన్నవాళ్లను చచ్చాక కూడా బురదతోనే గోడెక్కిస్తారా ఎక్కడైనా?

ఇరాసి వెళ్లేసరికి అవ్వ అరుగు మీద కూర్చుని ఉడికిన పీతల్లోంచి గుజ్జు తీస్తోంది.

"చేతులు కడుక్కో అవ్వా. నీకో మనిషిని తీసుకొచ్చాను."

"మగాడైతే వెనక్కి పంపెయ్యి. నాకిప్పుడు ఓపిక లేదు."

ఇరాసి నకలు విప్పి ఆమె ఒళ్లో పెట్టింది. అవ్వ దాన్ని దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది, వెలుతురు వైపు తిప్పింది.

"ఈ కోతి ఎవరే?"

"అది చూడకు. దాని వెనక చూడు. ఇదిగో బట్టీ. ఇవి గుడిసెలు, మనవే. ఇంకేం కావాలి వాళ్లకి?"

"వెనక సంగతి సరే. ముందు ఈవిడ కూర్చుని ఉంది కదా."

ఇరాసి గొంతు తగ్గించింది. "కింద బెర్నార్ద అని రాశారు అవ్వా."

అవ్వ వేళ్లు గౌనుకి తుడుచుకుంది.  ఒక పీత కాలు తీసి విరిచింది, లోపల చూడకుండానే పక్కన పడేసింది.

"మా అవ్వ నీళ్లకి పోయినా రవికె లేకుండా పోయేది కాదు. మన నల్ల పునీతుడు సాన్ బెనెదీతో పండగకి గంజి పెట్టిన లంగా కట్టి జెండా పట్టుకుంటే, మిల్లు దొర గుర్రం ఆపి దారిచ్చేవాడు. అది నా కళ్లతో చూశాను, అప్పటికి నేను ఇంత ఉంటాను."

"అందుకే కదా ఇలా గీశారు."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఈ కాగితం చూసేవాడికి ఏం తెలుసు?"

"పట్టా రానీ అవ్వా, ఆ రోజు నీ చేత్తో దీన్ని పొయ్యిలో పెట్టు. అప్పటిదాకా ఇది మన సాక్షి."

"సాక్షిని ఇలాగే తీసుకుపోతామా కచేరీకి? ఒంటి మీద బట్ట లేకుండా?"

ఇరాసి నవ్వేసింది. అవ్వ నవ్వలేదు. "కాగితం నా దగ్గర ఉంచు," అంది. "ఇచ్చేది నేనైనప్పుడు ఉండేది కూడా నా దగ్గరే."

అందులో తప్పేమీ కనిపించలేదు ఇరాసికి. ఆమె బుర్రంతా గుడిసెలతో నిండి ఉంది. పట్టా విచారణకు ఎవరెవరు రావాలి, ఎవరేం మాట్లాడాలి, ఏ పడవలు దొరుకుతాయి, అదే గొడవ. అవ్వ ఆ వారంలో పట్నం వెళ్లిందనీ, అబ్దొరాల్ మేస్త్రీ కొట్టులో గంటసేపు కూర్చుందనీ ఎవరో చెప్పినా, ముసల్ది ఎవరి పటమో కట్టించుకుంటోందిలే అనుకుంది.

విచారణ పట్నంలో చర్చి పక్క హాల్లో పెట్టారు. ముందు వరస కుర్చీల్లో కంపెనీ మనుషులు, కంపెనీ టోపీలు. కంబోవ ఆడవాళ్లు వచ్చేసరికి కుర్చీలు అయిపోయాయి.

"రొయ్యలకు గాలి మిషన్లు పెట్టారంట చెరువుల్లో," అంది క్లొతిల్డ, ఇరాసితో పాటు బురదలో పెరిగిన మనిషి, నోరు ఆగదు. "మనకి కుర్చీ కూడా లేదు. వచ్చే జన్మలో రొయ్యగా పుడదాం పదవే."

"నోరు ముయ్యి, మొదలవుతోంది."

అవ్వకు మాత్రం ఎవరో కుర్చీ తెచ్చి ముందు వేశారు. రాజధాని నుంచి వచ్చిన భూముల శాఖ అధికారి కళ్లజోడు తుడుచుకుని ఊరి పత్రాలు అడిగాడు. అవ్వ లేచి నిలబడి, లేసు గుడ్డలో చుట్టిన కాగితాన్ని రెండు చేతులతో అందించింది. ఆయన విప్పాడు. చూశాడు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"అమ్మా, ఇది ఏమిటి?"

ఇరాసి మెడ సాచింది. ఒక్క క్షణం ఆమెకూ అర్థం కాలేదు. తర్వాత గుడిసెల కోసం వెతికింది.

కాగితం మీద ఒక గౌరవమైన నల్ల ఇల్లాలు కూర్చుని ఉంది. నీలం గౌను, మెడ దగ్గర తెల్ల లేసు, పాపిడి తీసి దువ్విన జుట్టు, చెవులకు బంగారు రింగులు, బుగ్గల మీద లేత గులాబి. ముఖం అచ్చం అవ్వ గోడ మీది చెల్లెలి ముఖం. వేళ్లు వేళ్లలాగే ఉన్నాయి, ఒళ్లో ఒద్దికగా. ఆమె చుట్టూ శుభ్రమైన ఆకాశం రంగు, చట్రాల్లోని పటాలన్నిటికీ ఉండేదే. మోకరిల్లిన పెద్దమనుషులు లేరు. బట్టీ లేదు. వలలు లేవు. ఒక్క గుడిసె లేదు. మూల మాత్రం గ్రంథాలయం ముద్ర చెక్కుచెదరకుండా ఉంది.

ఇరాసి వంగి అవ్వ చెవిలో అంది, "అవ్వా, ఏం చేశావు?"

"బట్ట కట్టించాను."

"గుడిసెలేవి?"

"ఏ గుడిసెలు?"

"వెనకవి. నీకు చూపించానే."

అవ్వ కనుబొమలు ముడిపడ్డాయి. "వెనక మేస్త్రీ నీలం వేశాడు. ఎవరికైనా వేసేది నీలమే కదా. ఈ మోకాళ్ల మీద ఉన్న ముసలాళ్లు మీ చుట్టాలా అన్నాడు, కాదన్నాను, తీసేశాడు." అంతవరకు చెప్పి ఆమె ఆగింది. ఏం జరిగిందో ఆమెకు అప్పుడు తెలిసింది. 

కంపెనీ లాయరు ఎర్మోజెనిస్ తొందరపడలేదు. చొక్కా చేతులు సర్దుకుని లేచాడు. సాక్ష్యాల వివరాలు ముందే అందాయి కాబట్టి తానూ అదే గ్రంథాలయం నుంచి అదే బొమ్మ తెప్పించానన్నాడు. ఇది ఎగతాళి బొమ్మ, ఎగతాళి సాక్ష్యం కాదు అని వాదిద్దామనుకున్నాడట. ఇప్పుడు ఆ శ్రమ కూడా అక్కర్లేకుండా పోయిందట. హాల్లో గోడ మీద తెల్లగుడ్డ కట్టి ఉంది. తన మనిషికి సైగ చేశాడు. దీపాలు ఆర్పారు.

గుడ్డ మీద బెర్నార్ద ముఖం పడింది. తల మాత్రమే, గోడంత పెద్దది. కోతి మూతి, పీత డిప్ప, బయటికొచ్చిన పళ్లు.

ముందు వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత టోపీలన్నీ కదిలాయి. నవ్వు వెనక్కి పాకింది. పట్నం జనం నవ్వారు. కంబోవ నుంచి వచ్చిన కుర్రాళ్లలో కూడా ఒకడు నవ్వాడు, వాడు అవ్వ ఇంకో చెల్లెలి మనవడే, ఎడివాన్, ఈ మధ్యే కంపెనీలో కాపలా పనికి కుదిరాడు. నవ్వి, మిగతావాళ్లు నవ్వుతున్నారో లేదో అని పక్కకి చూశాడు.

"అసలు ఇదండీ," అన్నాడు లాయరు. "వాళ్లిచ్చింది మీ చేతిలో ఉంది. ప్రభుత్వ గ్రంథాలయం ముద్ర ఉన్న పత్రాన్ని దిద్దారు. ఇంత ధైర్యంగా ఒక బొమ్మనే దిద్దినవాళ్లు, తమ తాతల కథల్ని ఎంత దిద్ది ఉంటారో ఆలోచించండి. ఈ ఒక్క పత్రం కాదు, మొత్తం దరఖాస్తే కొట్టేయమని కోరుతున్నాను."

అధికారి నీలం గౌను వైపు చూస్తూ అడిగాడు, "ఇది ఎవరు చేశారు? సంఘం చేసిందా, లేక ఎవరైనా ఒక్కరి పనా? ఒక్కరి పనైతే ఆ మాట చెప్పండి. వాళ్ల మీద వేరే విచారణ ఉంటుంది. సంఘం దరఖాస్తు సంగతి అప్పుడు ఆలోచిద్దాం."

దారి తెరిచే ఉంది. ముసలావిడ చాదస్తం, మాకు తెలియదు అంటే చాలు. నిజం కూడా అదే.  రాజధానికి ఇరాసి తిరిగిన తిరుగుళ్లు, బస్సుల్లో నిద్రపోయిన రాత్రులు, అన్నిటి మీదా నీలం రంగు పూసి కూర్చుంది ముసల్ది. అవ్వ కుర్చీ అంచు పట్టుకుంది. లేవబోతోంది, నేనే అని చెప్పడానికి. ఇరాసి ఆ భుజం మీద చెయ్యి వేసి నొక్కేసింది.

సాక్షిని ఇలాగే తీసుకుపోతామా అని అవ్వ అడిగినప్పుడు తను నవ్వింది. ఇప్పుడు ఈ హాలు నవ్వుతోంది. రెండిటికీ తేడా ఎంత?

"మా ఊరు చేసింది," అంది ఇరాసి. "మా దగ్గర చచ్చినవాళ్లకి బట్ట కట్టి గోడెక్కిస్తాం. మీ ఇళ్లలో ఎలా చేస్తారో నాకు తెలీదు."

"అంటే దిద్దినట్టు ఒప్పుకుంటున్నారు," అన్నాడు లాయరు.

"దిద్దాం. మీ వాళ్లు ముందు దిద్దారు, మనిషిని కోతిగా. మేం వెనక్కి దిద్దాం." మాట్లాడుతూనే ఆమె తెల్లగుడ్డ వైపు నడిచింది. ముఖం పక్కన, చెవి వెనక, చూపు ఒక చోట తగులుకుంది. ఏటవాలుగా ఒక గీత, దాని మీద సన్నని అడ్డగీతలు. తాటాకు చూరు. అంచు దగ్గర టక్కున తెగిపోయింది. ఆమె వెనక్కి తిరిగింది.

"ఈ బొమ్మ కోశారు మీరు. మొత్తం వెయ్యండి."

"వాదనకి అవసరమైన భాగం చూపించాం."

"మొత్తం వెయ్యమంటున్నాను. మేం దిద్దామన్నారు కదా, ఏమేం దిద్దామో పూర్తిగా చూడనివ్వండి అందరినీ."

లాయరు అధికారి వైపు చూశాడు. అధికారి నాలుగు కాగితాలు అటూ ఇటూ సర్ది, వేయండి అన్నట్టు తలూపబోయి ఆగాడు. "ఈ బొమ్మ కొంచెం... అసభ్యంగా ఉందని విన్నాను. పెద్దావిడ ఇక్కడున్నారు."

అప్పుడు ఇరాసికి గుర్తొచ్చింది. మొత్తం వేయడమంటే నడుము దాకా బట్ట లేని బెర్నార్దను గోడంత చేసి పట్నం మీదకు వదలడం. ఏది కప్పడానికి అవ్వ ఒంటరిగా పట్నం వెళ్లి గంటసేపు మేస్త్రీ కొట్టులో కూర్చుందో, అదే. గ్రంథాలయంలో గానీ, అరుగు మీద గానీ ఈ మాట తనకు తట్టలేదు. ఆమె వచ్చి అవ్వ కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది.

"అవ్వా, వెనక గుడిసెలున్నాయి. అది వేస్తే గుడిసెలొస్తాయి. ఆమె కూడా వస్తుంది. నువ్వు వద్దంటే వద్దు."

"వద్దంటే?"

"వద్దంటే ఇంటికి పోదాం. ఇంకో దారి వెతుకుతాను."

"ఉందా ఇంకో దారి?"

ఇరాసి అబద్ధం ఆడలేదు. "నాకు తెలీదు."

 అవ్వ లేచి, కుర్చీ పట్టుకుని తిప్పింది. క్లొతిల్డ సాయం రాబోతే వద్దంది. కాళ్లు నేలకు రాసుకుంటూ కుర్చీ తిరిగింది, తెల్లగుడ్డకు వీపు, జనానికి ముఖం. అవ్వ కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది.

"వెయ్యమను. నేను అటు చూడను. ఎవరు నవ్వుతారో చూస్తాను."

బొమ్మ పడింది. మొత్తం.

అవ్వ ఒక్కొక్క ముఖం మీదుగా చూపు నడిపింది, గుల్లల కోసం బురద వెతికినంత నిదానంగా. ముందు వరసలో ఒకడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంకొకడు నవ్వాడు, సిగ్గు లేకుండా, చివరిదాకా. అందరూ మారిపోయారని చెప్పడం అబద్ధమవుతుంది. ఎడివాన్ తల వంచుకుని తలుపు వైపు జరిగాడు. అవ్వ చూపు వాడి వీపుని తలుపు దాకా దిగబెట్టి మళ్లీ వెనక్కి వచ్చింది.

ఇరాసి మూలనున్న చీపురు తీసుకుంది. దాని కర్రతో గుడ్డ మీద చూపించింది.

"ఇది బట్టీ. ఇక్కడి నుంచి పడవెక్కితే మీరందరూ చూడొచ్చు, ఇప్పటికీ ఉంది. ఇవి గుడిసెలు. ఇవి వలలు. ఇదిగో, ఈ గుమ్మంలో ఒకామె పిల్లకి పాలిస్తోంది. మిల్లు దస్తావేజు ఇంకా పుట్టని రోజుల్లో."

"బొమ్మలేసేవాడు ఊహించి వేస్తాడమ్మా," అన్నాడు లాయరు. గొంతులో మొదటిసారి విసుగు. "కోతి ముఖం ఊహించినవాడు నాలుగు గుడిసెలు ఊహించలేడా?"

"కోతి ముఖం మా బెర్నార్దను తక్కువ చేయడానికి వేశాడు. గుడిసెలు ఎవర్ని తక్కువ చేయడానికి వేశాడు? చోటు మిగిలితే కంటికి కనపడింది వేశాడు. అయినా లాయరు గారూ, లేనివాళ్లను వెక్కిరించడానికి ఏ పిచ్చోడు పత్రిక అచ్చేస్తాడు? నిర్జన భూమిని ఎవరైనా ఎగతాళి చేస్తారా? మీ వాళ్లకి మా మీద ఇంత కడుపుమంట ఉందంటేనే, మేం అక్కడ ఉన్నట్టు."

వెనక నుంచి క్లొతిల్డ అంది, "ప్యాంట్లు ఇస్తామన్నారు కదా అప్పట్లో, ఇచ్చారో లేదో అది కూడా కనుక్కో." ఆడవాళ్లు నవ్వారు. ఆ హాల్లో అది వేరే నవ్వు.

దీపాలు వెలిగించారు. అధికారి గుమస్తా చెవిలో ఏదో అన్నాడు. తర్వాత అందరికీ వినపడేలా చెప్పాడు. ఒకే పత్రానికి రెండు రూపాలు వచ్చాయి కనుక రెండిటినీ పక్కన పెడుతున్నాననీ, నిపుణుల అభిప్రాయం తెప్పించుకుని మళ్లీ తేదీ చెప్తాననీ, ఈ లోపు కంపెనీ పనులు ఆపే అధికారం తనకు లేదనీ. మాట మర్యాదగానే ఉంది. మంచి చాకు కూడా అలాగే మెత్తగా కోస్తుంది. గుమస్తా కాగితాలు సంచీలో పెట్టబోయాడు. నీలం గౌను బొమ్మను చివర్న, మడత పెట్టి తోయబోయాడు.

ఇరాసి ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించింది. వేళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని బురద. కంబోవ ఆడవాళ్లు బల్ల చుట్టూ చేరారు. అవ్వ కుర్చీని మళ్లీ తిప్పుకుంది, ఈసారి అధికారి వైపు.

"మడవకండి," అంది ఇరాసి. "సంచీ మూయకండి. ముందు రాయండి, ఇక్కడే, మా ముందే. కంపెనీ తెచ్చిన బొమ్మలో కంబోవ గుడిసెలున్నాయని రాయండి. మేం తెచ్చింది కాదు, కంపెనీ తెచ్చింది అని రాయండి. బట్టీ ఉందని రాయండి. మా మనిషిని కోతిగా గీశారని రాయండి, మేం ఆమెకు గౌను తొడిగామని కూడా రాయండి, మాకేం సిగ్గు లేదు. రెండు బొమ్మలూ పక్కపక్కనే ఉంచండి, ఒకటి తీసి ఒకటి దాచడం కుదరదు. ఆపే అధికారం మీకు లేదన్నారు. ఎవరికుందో వాళ్లకి ఇక్కడి నుంచే ఫోన్ చెయ్యండి. రేపు యంత్రం ఒక్క మడ చెట్టు కూడా పెకలించడానికి వీల్లేదు. మీ నిపుణుల్ని నీళ్లు తీసినప్పుడు కంబోవకి పంపండి, బూట్లు విప్పి దిగమనండి. మేం కదలం. రాయండి."